గాలి మోటారు మోసిన నింద

నేను ఒక గాలి మోటారును. చేపల తొట్టెలో బుడబుడమంటూ బుడగలు లేస్తాయే, అది నా ఊపిరే. చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుని, సన్నటి గొట్టంలోంచి నీళ్ళలోకి ఊదడం నా పని. మంచి గాలి దొరికితే మంచిది ఊదుతాను, చెడ్డది దొరికితే చెడ్డది ఊదుతాను. ఎంచుకునే వీలు నాకు లేదు. ఈ చిన్న సంగతి తెలియకే ఒక ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు నానా హైరానా పడ్డారు.

ఎక్కడో పేరు తెలియని ఊళ్ళో, ఒకావిడ నా కడుపులో రబ్బరు పొర బిగించి డబ్బాలో పెట్టింది. నేను కళ్ళు తెరిచింది కాకినాడలో, ఒక సెలూన్‌లో. అక్కడ నాలుగేళ్ళు పౌడరు వాసనా సబ్బు వాసనా పీల్చి చేపలకు పోశాను. సెలూన్ యజమాని తొట్టె తీసేసి టీవీ పెట్టుకున్నాక, నూకరాజు అనే ఆయన తొట్టెతో సహా నన్ను జగన్నాథపురంలో ఉన్న తన ఇంటికి పట్టుకుపోయాడు.

నూకరాజు పోర్టు గోదాములో సూపర్‌వైజరు. తొట్టె తెచ్చింది ఆయనే గాని చేపల్ని సాకింది మాత్రం భార్య హైమావతి. పదకొండు బంగారు చేపలు. గోరంత ఉన్నప్పుడు వచ్చాయి, ఆవిడ చేతి మేత తిని అరచేయంత అయ్యాయి. పొద్దున్నే వాటిని పలకరించకుండా ఆవిడ కాఫీ తాగేది కాదు. అత్తగారు వెంకాయమ్మకు ఈ మురిపెం చూస్తే ఒళ్ళు మంట. తినేవాటికి ఊసులు చెప్పే మనిషిని లోకంలో నిన్నే చూశానని కోడల్ని రోజూ దెప్పేది. వెంకాయమ్మ పుట్టిల్లు ఉప్పాడ మరి. చేప లేనిదే ఆవిడకు ముద్ద దిగదు.

కార్తీకంలో నూకరాజు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు ఇంట్లో నీచు మాటే లేదు. కన్నతల్లి కొడుకుని స్వామీ అంటుంది, కొడుకు తల్లినీ పెళ్ళాన్నీ కూడా మాతా అంటాడు. మనుషులకు పిలుపు మారితే నడవడి కూడా ఎంత మారిపోతుందో! కేకలు వేసే నూకరాజు గొంతు మెత్తబడింది, కోడల్ని దెప్పే వెంకాయమ్మ కూడా కాస్త తగ్గింది. నాకు ముచ్చటేసింది.

అంతా బాగుందనుకుంటుండగా మొదలైంది వాసన. తొట్టె దగ్గరికొస్తే చాలు, గుప్పున నీచు కంపు. చేప చచ్చిపోయిందేమోనని హైమావతి తొట్టె దగ్గరికి పరుగెత్తింది. లెక్కపెట్టింది, పదకొండూ ఉన్నాయి. నీళ్ళు మార్చింది, గులకరాళ్ళు ఉప్పేసి కడిగింది. తెల్లారేసరికి మళ్ళీ అదే కంపు. మూడు రోజుల్లో మూడుసార్లు నీళ్ళు తోడి పోసి ఆవిడ నడుం పడిపోయింది.

నాలుగో రోజు సాయంత్రం ఆ ఇంట్లో పడిపూజ. నలభై మంది స్వాములు వస్తారు. ఏర్పాట్లు చూడ్డానికి పొద్దున వచ్చిన గురుస్వామి గడపలోనే ముక్కు మూసుకున్నాడు. ఈ కంపులో పీఠం పెట్టడం కుదరదని తేల్చేశాడు. నూకరాజు మొహం మాడిపోయింది. గురుస్వామి వెళ్ళాక తొట్టె వైపు చూసి హైమావతితో అన్నాడు:

"సాయంత్రం నాలుగింటిలోపు వాసన పోతే సరి, లేదంటే తొట్టెతో సహా చేపల షాపువాడికి ఇచ్చేద్దాం మాతా. నేను మాట్లాడేశాను."

హైమావతి ఏడవలేదు. కొంగు బిగించింది. అబ్బ, అప్పుడు చూడాలి ఆవిడని! కూరలకు నీళ్ళు మరుగుతున్నా పట్టించుకోకుండా తొట్టె ముందు గొంతుక్కూర్చుంది. ముందు నన్ను ఆపింది. అరగంటలో కంపు పలచబడింది. మళ్ళీ నన్ను వేసింది. బుడగ బుడగకీ కంపు పైకి తన్నింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వైరు కాలిన వాసన లేదు, ఏమీ లేదు. అప్పుడు ఆవిడకు ఏం తోచిందో, పూజకు తెచ్చిన ఊదొత్తి ఒకటి వెలిగించి నా పక్కన పట్టుకుంది. పొగ పైకి పోకుండా వంగి నా పొట్టలోకి దూరిపోయింది. మరుక్షణం తొట్టెలో ఊదొత్తి వాసన! ఆనందంతో నేను ఇంకాస్త గట్టిగా గుర్రుమన్నాను. కనిపెట్టేసింది, తల్లి కనిపెట్టేసింది!

తొట్టె కింద రెండరల బీరువా ఉంది. ఒక అరలో నేనుంటాను. పక్క అర వెంకాయమ్మది, ఎప్పుడూ తాళమే. మధ్య చెక్కలో వేలంత సందు. హైమావతి ఆ సందుకి ముక్కు ఆనించి, వెంటనే తల వెనక్కి లాక్కుంది. తిన్నగా వంటింట్లోకి నడిచింది.

"అత్తయ్యా, ఆ అర తాళంచెవి ఇలా ఇయ్యండి."

వెంకాయమ్మ చెయ్యి రొంటిన దోపిన తాళంచెవి మీదికి పోయింది. పొయ్యి ముందే కూలబడింది.

"మా చెల్లి ఉప్పాడ ఇసకలో ఎండబెట్టి పంపిన నెత్తళ్ళ చేపలే. పారెయ్యడానికి చేతులు రాలేదు. చేపల తొట్టి కింద పెడితే, వాసనొచ్చినా చేపలదే అనుకుంటారులే అనుకున్నాను. స్వామికి చెప్పకే హైమా. మాలేసుకున్నోడి ఇంట్లో కన్నతల్లే నీసు దాచిందంటే, ఆడు నలుగుర్లో తలెత్తుకోలేడు."

ఇన్నేళ్ళు దెప్పిన అత్తగారు చేతికి చిక్కింది. ఒక్క మాట నూకరాజు చెవిన వేస్తే చాలు, చేపలు నిలుస్తాయి, పాత బాకీలన్నీ తీరిపోతాయి. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

హైమావతి తాళంచెవి అందుకుంది. మూత సరిగా పడని నెత్తళ్ళ డబ్బాని బకెట్లో పెట్టి, పైన తడిబట్టలు కప్పి, నూకరాజు ముందునుంచే దాటుకుంటూ ఎదురింటి శలోమి దగ్గరకు పోయింది. మాల తీసేదాకా దాచిపెట్టమందట. శలోమి ఏమిటని కూడా అడక్కుండా అటక మీదికి ఎక్కించేసిందట. హైమావతి తిరిగొచ్చి అర కడిగి, నీళ్ళు మార్చి, కర్పూరం పెట్టి, చివరికి నన్ను ఊడబీకి చేత్తో పట్టుకుని మొగుడి ముందు నిలబడింది.

"ఇదే స్వామీ కంపుకి కారణం. లోపల రబ్బరు కుళ్ళిపోయింది. కొత్తది కొంటే సరిపోద్ది."

నా రబ్బరు నిక్షేపంలా ఉంది! కానీ చెప్పేదెవరికి? నాలుగింటికి గురుస్వామి వచ్చి గాలి పీల్చి తల ఆడించాడు. పాత మోటార్లు ఇంతేనని ఒకాయన, తనకి ముందే అనుమానమొచ్చిందని ఇంకొకాయన. ఒక్కసారి కూడా నన్ను చూడని వాళ్ళంతా నా జాతకం చెప్పేశారు. ఆ సాయంత్రం శరణుఘోషతో ఇల్లు దద్దరిల్లిపోయింది. హైమావతి మధ్యమధ్య లేచి వచ్చి, చేపలకు గాలి అందేలా చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తూనే ఉంది. పదకొండూ దక్కాయి.

మర్నాడు నన్ను పాత సామాన్లవాడికి ఇచ్చేసే పని వెంకాయమ్మ మీద పడింది. ఆవిడ నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి, కొంగుతో దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా తప్పు నీ నెత్తిన పెట్టింది హైమ, పాపం. దాన్ని ఎన్నేసి మాటలన్నాను. ఒక్కటి తిరిగి అనలేదు. నా కడుపున పుట్టిందైనా నన్నిలా కాచేది కాదు."

ఆ మాట కోడలి మొహం మీద అనడానికి ఆవిడకు నోరు రాలేదు, అందుకని నాతో అంది. ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చిన హైమావతి మెట్ల మీదే ఆగిపోయి అంతా వింటోందని ఆవిడకు తెలియదు. నాకు మాత్రం కనిపిస్తూనే ఉంది. హైమావతి కళ్ళు తుడుచుకుంది. చప్పుడు కాకుండా నాలుగు మెట్లు కిందికి దిగింది. తర్వాత, అప్పుడే వస్తున్నట్టు గాజులు గలగలలాడించుకుంటూ మళ్ళీ పైకెక్కింది.