చూసింది చూసినట్టు

దారిలో కంటపడ్డదల్లా పైకి చెబుతూ బండి నడపాలి. భానుమూర్తి గారి రోడ్డు భద్రతా సంఘం పెట్టే పరీక్ష అదే. నెగ్గితే బ్యాడ్జీ ఇస్తారు. ఆ బ్యాడ్జీ ఉంటేనే మహేందర్‌కు స్కూలు వ్యాన్ నడిపే ఉద్యోగం.

దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా గడగడా చెప్పాడు. కొత్తపేట దగ్గర స్కూటీ మీంచి ఒకామె పడిపోయి ఉంది. బళ్లన్నీ ఆమెను తప్పించుకుని పోతున్నాయి. మహేందర్ నోట మాట ఆగింది, కాలు బ్రేకు మీదికి పోయింది.

"సార్, జర ఆపుత."

"పరీక్షలో ఉన్నారండీ మీరు," అన్నాడు పక్క సీట్లో భానుమూర్తి, సెల్‌ఫోన్లో రికార్డు చేస్తూనే. "ఆపితే ఫెయిల్. చెప్పండి, చెప్పండి."

మహేందర్ చెప్పాడు. నూటికి నూరు! ఎందుకు రావు మరి?

ఆదివారం ఎల్బీ నగర్ హాల్లో ఆ పెద్దమనిషి మహేందర్ చొక్కాకు బ్యాడ్జీ పెట్టి, కొత్తగా చేరినవాళ్లకు రికార్డు వినిపించాడు. "ఏకాగ్రత అంటే ఇదండీ!"

స్పీకర్లో మహేందర్ గొంతు ఎక్కడా వణకలేదు.

"ఎడమ పక్క స్కూటీ పడ్డది. ఆమె మన దిక్కే చూస్తున్నది. చెయ్యి ఊపుతున్నది. అద్దంల చూసిన. ఇంకా ఊపుతనే ఉన్నది. ముందర తొవ్వ ఖాళీ."