బీరన్న చూపిన మోకాలు

అబద్ధం నా నాలుక మీద నిలవదు. మోత్కూరు గొర్ల అంగట్లో ఎవరినైనా అడగండి. బీరన్న మోకాలి ముచ్చట కూడా జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

బీరన్నకు యాభై ఎనిమిదో ఏడు. ఎండలు ముదిరాయి, మందను కృష్ణ ఒడ్డుకు తోలాలి. బీరన్న కుడి మోకాలేమో కూర్చుంటే లేవనివ్వదు, లేస్తే నడవనివ్వదు. "అన్న కాలు పాయె వదినా, మంద నాకియ్యమను" అని తమ్ముడు ఐలేశం అప్పుడే మొదలుపెట్టాడు. మంద పోతే బీరన్నకు ఊపిరి పోయినట్టే.

భార్య బక్కమ్మ అతన్ని దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరు కలం తీయగానే బీరన్నకు అనుమానం పుట్టింది. రాసుకునేవాడికి మంద లెక్క చెప్పరాదు, కుంటి గొర్రెను చూపరాదు. తాతల నాటి కట్టడి. రాసింది రేపు ఐలేశం చెవిన పడితే?

"ఏ మోకాలు?" అన్నాడు డాక్టరు.

"ఎడమది."

బక్కమ్మ నోరు తెరిచింది. బీరన్న గుడ్లురిమాడు. డాక్టరు ఎడమ మోకాలు ఒత్తితే, ఏమీ లేకున్నా, "అవ్వో" అని మూలిగాడు.

"కింద పడ్డవా? ఎన్నాళ్ల సంది?"

"గదంత రాసుడెందుకు సారూ? ఎవలికి చూపిస్తవ్?"

"రేపు నా జాగాల ఇంకొకలు వస్తరు. ఏ కాలో, దెబ్బనో అరుగుడో తెల్వకుంటే ఏం మందిస్తరు? సరే, కర్ర కుడిచేత పట్టు. ఎడమకాలు వేసేటప్పుడు దాని మీద ఆను."

బీరన్న అలాగే నడిచాడు. కుడికాలు మోపేసరికి భారమంతా దాని మీదే పడింది. మోకాలు ఇసుర్రాయిలా గరగరలాడింది. ఆ చప్పుడుకు బయట కట్టేసిన పొట్టేలు తాడు తెంపుకుని చిట్యాల దాకా ఉరికింది.

"అంగట్ల బేరమనుకున్నవా అయ్యా!" అని మొగుణ్ణి కసిరి, "కుడిదే సారూ," అంది బక్కమ్మ. "పడలే, దెబ్బ తాకలే. రెండేండ్ల సంది అరుగుతాంది."

డాక్టరు నవ్వలేదు. కుడి మోకాలు వంచి, ఒత్తి చూసి, 'ఎడమ' కొట్టేసి 'కుడి' అని రాశాడు. "కర్ర ఎడమచేతికి మార్చు."

ఈసారి నొప్పి సగమైంది. బీరన్న భయపడుతూ అడిగాడు: "మరి మంద?"

"గుట్టలెక్కకు, గొంతుక్కూసోకు. చదునుల తోలుకో."

"గా ముక్క గూడ రాయి సారూ!" బీరన్న బల్ల మీదికి వంగాడు. "పెద్దగ రాయి. ఐలేశంకు నేనే సదివిపిస్త."

ఆ ఏడు మంద వెంట బీరన్నే పోయాడు. ఇంత వరకూ నిజం. పొట్టేలు మాత్రం నేను అల్లింది. ఆ రోజు దవాఖాన ముందర మేకపిల్ల కూడా లేదు.