పత్తి గోడౌన్‌లో మేకలు

తుఫాను వెళ్లిన మూడు వారాలకు రేగులపాలేనికి మేకలొస్తున్నాయని కబురు తెలిసింది. ఊళ్లో సంతోషపడనిది వీరరాఘవమ్మ ఒక్కతే.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. ఆమెకూ భర్త యల్లమందకూ ఎకరం చేను, పధ్నాలుగు మేకలు ఉండేవి. వాన విడవకుండా కురిసిన ఆ సాయంత్రం, వాగు పొంగుతుందని అందరినీ హైస్కూలు మేడ మీదికి చేర్చారు. మేకలు బెదిరి చెల్లాచెదురవుతాయని ఆమె వాటిని పాకలో గుంజలకు గట్టిగా కట్టేసి పోయింది. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి వాగు నీళ్లు ఆ పాకదాకా వచ్చింది లేదు. ఆసారి వచ్చినయ్. తెల్లారి నడుంలోతు బురదలో దిగి చూస్తే, కట్టినవి కట్టినచోటనే ఉన్నాయి. ఒక్కదానికీ ప్రాణం లేదు.

నరసరావుపేటలో ఒక సేవాసంఘం వాళ్లు, జీవాలు పోగొట్టుకున్న ఇరవై కుటుంబాలకు ఇంటికి రెండు మేకల చొప్పున ఇస్తామన్నారు. ఆ ఇరవై కాక, మేకలు వద్దనుకున్నవాళ్లకు నాటుకోళ్లు. పేర్లు రాసుకునేవాళ్లు ఇంటి ముందుకొస్తే వీరరాఘవమ్మ నాకొద్దని చెప్పి లోపలికి పోయింది. పక్కింటి మైమూనా కోళ్లకు పేరు రాయించుకుని, ఎందుకక్కా అట్టా అన్నావని అడగబోయింది.

"నా చేతుల్తో వేసిన ముళ్లు మైమూనా. వదిలేసి పోయినా ఈదుకుంటూ ఏ గట్టుకో చేరేవి. ఇంక నా ఇంటికి జీవం వద్దు," అన్నదామె. మైమూనా మళ్లీ ఆ మాటెత్తలేదు. యల్లమంద అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు.

మేకల్ని దింపడానికి నరసింహారావు తన పత్తి గోడౌన్ ఇచ్చాడు. ఊళ్లో మాట చెల్లే పెద్ద రైతు ఆయన. ఆ యేడు పత్తి తడిసి నల్లబడటంతో మెరక మీదున్న గోడౌన్ ఖాళీగానే పడుంది. లారీ వచ్చే ఆదివారమే పంపిణీ అని ఆయన ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. షామియానా, స్టేజీ, భోజనాలు, పెద్ద మనుషులు నలుగురు, అన్నీ మాట్లాడేసుకున్నాడు.

దానికి అడ్డం పడింది ఇంద్రజ. రైతు సేవా కేంద్రంలో పశువుల సంగతి చూసే వినుకొండ అమ్మాయి. తాను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఊరు ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తుంది. మూడు సంతల్లో కొన్న మేకలు ఒకే లారీలో వస్తున్నాయనీ, అందులో ఒక్కదానికి జబ్బున్నా వారం తిరిగేసరికి ఇరవై ఇళ్లకూ పాకుతుందనీ, వరదకు తట్టుకుని బతికిన నాలుగు మేకలు కూడా పోతాయనీ ఆమె నరసింహారావుకు చెప్పింది. ఇరవై ఒక్క రోజులు ఒకేచోట ఉంచాలి, ఇంజెక్షన్లు వెయ్యాలి, కడుపులో పురుగులకు నట్టల మందు తాగించాలి, ఆ తర్వాతే పంపిణీ అన్నది. ఈలోగా తీసుకునేవాళ్లు కూడా తడిసిన పాకలు తీసేసి, మెరక మీద కొత్తవి వేసుకోవాలి. ఫ్లెక్సీ మీద తేదీ పడిపోయిందని నరసింహారావు గట్టిగానే వాదించాడు. తేదీ మీద కాగితం అంటించుకోవచ్చు గదా బాబాయ్ అన్నదామె.

ఆదివారం పొద్దున లారీ వచ్చింది. అటుగా పుల్లల మోపుతో పోతున్న వీరరాఘవమ్మ చూడకూడదనుకుంటూనే చూసింది. కుర్రాళ్లు ఇద్దరు లారీ ఎక్కి మేకల్ని చెవులు పట్టి ఈడ్చి, అంత ఎత్తు నుంచి కిందికి వదులుతున్నారు. మొదటి మేక ముందుకాళ్ల మీద పడి తూలింది. రెండోదాన్ని పట్టుకునేలోపు ఆమె మోపు రోడ్డు మీద పారేసి అడ్డంపోయి నిలబడింది.

"ఏందిరా అది, బస్తాలు అనుకున్నారా? లారీని వెనక్కి తీసి ఆ కట్టకు ఆనించండి. అయ్యే దిగుతయ్."

డ్రైవర్ విసుక్కుంటూనే లారీని మట్టికట్టకు ఆనించాడు. ఆమె చేతిలో ఆకులున్న సుబాబుల్ కొమ్మ పట్టుకుని కట్ట మీద నిలబడింది. ఒక ముసలి మేక ముందు తొంగి చూసింది, తర్వాత అడుగేసింది. దాని వెనకే మిగతావన్నీ బడి వదిలిన పిల్లల్లాగా దిగినయ్. నలభై మేకలు, ఒక్కదానికీ గీత పడలేదు. ఇంద్రజ ఆమె దగ్గరకొచ్చి, రేపు పొద్దున కూడా వస్తావా పెద్దమ్మా అని అడిగింది. చూసిపోతానుగానీ తీసుకోనని వీరరాఘవమ్మ ముందే చెప్పింది. చూడటానికే రమ్మంటున్నానన్నది ఇంద్రజ.

అట్లా మొదలైంది. పొద్దున్నే గిన్నెలో అన్నం మూట కట్టుకుని గోడౌన్‌కు పోవడం, చీకటి పడేలోపు రావడం. ఇంద్రజ చెవులకు పసుపు పోగులు వేసి నంబర్లు ఇచ్చింది. వీరరాఘవమ్మకు నంబర్లు గుర్తుండవు, మొహాలు గుర్తుంటాయి. బూజు పట్టిన మేత ఏ మూలనున్నా ఏరి పారేసేది. లోపలికి పోయేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ కాళ్లు మందునీళ్లలో ముంచమని ఇంద్రజ చెబితే మొదట నవ్వింది. తర్వాత నరసింహారావు అంతటివాడు చెప్పులతో నేరుగా వచ్చినా గుమ్మం దగ్గరే ఆపేసింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె ఇంద్రజకు ఫోన్ చేయించింది. మొహం మీద తెల్లమచ్చున్న నల్లమేక, ఇంకో ఎర్రమేక నెమరు వేయడం లేదనీ, మిగతావాటికి దూరంగా గోడ వైపు తిరిగి నిలబడ్డాయనీ చెప్పింది. ఇంద్రజ వచ్చి చూస్తే రెంటికీ జ్వరం. సాయంత్రానికి ముక్కులు కారినయ్. వాటిని గోడౌన్ పక్కనున్న, పత్తి తూచే కాటా గదిలోకి మార్చారు, రక్తం తీసి పరీక్షకు పంపారు. వచ్చింది పారుడు రోగం, మందల్ని ఊడ్చిపెట్టే జబ్బు.

ఊళ్లో గుసగుసలు లేచినయ్. రోగపు మేకల్ని తెచ్చారన్నారు కొందరు. ఇరవై ఒక్క రోజుల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుందని ఇంద్రజ చెప్పినప్పుడు నరసింహారావు పోయి, ఫ్లెక్సీ తేదీ మీద రెండో కాగితం అంటించి వచ్చాడు.

జబ్బు మేకల దగ్గర చేసేవాళ్లు మందలోకి పోకూడదు. ఆ పని వీరరాఘవమ్మ తీసుకుంది. పెద్ద మందను యల్లమంద చూశాడు. మొగుడూపెళ్లాం పొద్దంతా ఇరవై గజాల దూరంలో ఉండి కేకల మీద మాట్లాడుకునేవాళ్లు. ఆమె పల్చటి జావ కాచి చెంచాతో పట్టేది, పుండ్లు పడ్డ మూతులు కడిగేది, ఇంద్రజ ఇచ్చిన మందులు వేళకు వేసేది. ఎర్రమేక నాలుగో రోజు చనిపోయింది. సున్నం చల్లి లోతుగా పూడ్చిపెట్టారు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు. కానీ ఇంటికి పోలేదు, నల్లమేక పక్కనే కూర్చుంది. మూడు రోజులకు అది లేచి ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది. పోతే పోయిందిలే అని ఆమె కొంగు లాక్కోలేదు.

మందలో ఇంక ఒక్కదానికీ జ్వరం రాలేదు. డిసెంబరు చివర్లో ఇరవై ఒక్క రోజులూ నిండినయ్. పంపిణీ పొద్దున ఏడింటికే పెట్టారు, ఎండెక్కితే కోళ్లు తట్టుకోలేవని. గాలాడే బుట్టల్లో వచ్చిన కోళ్లను ముందు ఇచ్చేశారు. మైమూనా తన బుట్ట చంకన పెట్టుకుని, అవన్నీ కోడిపెట్టలేనా కాదా అని ప్రతివాళ్లకూ చూపించి అడుగుతూ తిరిగింది.

తర్వాత మేకలకు చీటీలు. బకెట్లో చెవి నంబర్లు వేశారు. మొదటి మనిషి బకెట్లో చెయ్యి పెట్టబోతూ, ఆ రోగం వచ్చిన నల్లది నాకు పడితే మార్చుకోవచ్చా అని అడిగాడు. వెనకున్నవాళ్లు కూడా అదే అన్నారు. అది పూర్తిగా కోలుకుందనీ, ఆ జబ్బు దానికి మళ్లీ రాదనీ ఇంద్రజ చెప్పి చూసింది. అయినా మాకొద్దంటే మాకొద్దన్నారు.

జనం వెనక నిలబడ్డ వీరరాఘవమ్మకు మండిపోయింది.

"మీకెవరికీ వద్దంటే నాకియ్యండి. దానికేం తక్కువని?" అంటూ ముందుకొచ్చి నల్లమేక మెడ మీద చెయ్యి వేసింది. వేశాక ఆగిపోయింది. తానేమన్నదో అప్పుడు ఆమె చెవిన పడింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. తన పేరు లేదు గదా, జాబితాలో లేనివాళ్లకు ఎట్లా ఇస్తారు అని గొణిగింది.

"పేరుంది పెద్దమ్మా. ఇరవయ్యోది," అన్నది ఇంద్రజ.

ఆమె యల్లమంద వైపు తిరిగింది. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

"ఎప్పుడు రాయించావయ్యా?"

"నువ్వు లారీని కట్టకు ఆనించిన రోజు," అన్నాడాయన. "వద్దంటే తీసేయిద్దామనుకున్నాలే. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు."

ఆ పధ్నాలుగు మేకలూ ఆమె కళ్ల ముందు తిరిగినయ్, చేతి కింద నల్లమేక ఒళ్లు వెచ్చగా కదులుతోంది. ఏడుపు వచ్చింది, కొంగు తీసుకుందామంటే అది అప్పటికే మేక నోట్లో ఉంది. ఏడుస్తూనే నవ్వింది. మైమూనా కోళ్లబుట్ట కింద పెట్టి వచ్చి ఆమెను పట్టుకుంది.

ఒకటి చనిపోవడంతో ముప్పై తొమ్మిదే మిగిలినయ్. ఎవరికో ఒకరికి ఒక్క మేకే వస్తుంది. ఆ ఒక్కటి నాకు చాలని వీరరాఘవమ్మ తనే చెప్పింది. సేవాసంఘం వాళ్లు రెండోది తర్వాత పంపుతామంటే, పంపేటప్పుడు మూడు వారాలు విడిగా ఉంచి పంపండని వాళ్లకే నేర్పింది. మిగతా పంతొమ్మిది ఇళ్లవాళ్లూ చీటీలు తీశారు. తమకు పడిన మేక గుణమేందో, ఏది ఏ ఆకు తింటుందో, ఏది పొడుస్తుందో ఆమెను అడిగి తెలుసుకుని మరీ తోలుకుపోయారు.

నరసింహారావు స్టేజీ మీద మాట్లాడటానికి లేచేసరికి వినేవాళ్లు పదిమంది కూడా లేరు. ఆయన కాసేపు మైకు పట్టుకుని నిలబడి, భోజనాలు మాత్రం చేసిపోండని చెప్పి దిగాడు. ఆయన మెడలో బంతిపూల దండను ఎవరి మేకో అప్పటికే సగం తినేసింది.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల ప్రభలు కడుతున్న రోజుల్లో ఇంద్రజ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పెదకూరపాడు వైపు ఒక ఊరికి గొర్రెలు వస్తున్నాయనీ, మూడు వారాలు దగ్గరుండి చూసే మనిషి కావాలనీ అడిగింది. వీరరాఘవమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని తెల్లారి బస్సుకే పోయింది. ఇక్కడ నల్లమేకా, కొత్తగా వచ్చిన దాని జోడూ యల్లమంద చేతి మేత రెండు పూటలు ముట్టలేదు. ఆయన ఫోన్ చేసి, ఏమే, ఇయ్యి నా మొహం చూడటంలేదు అని చెప్పుకున్నాడు.

"నా పాత చీర భుజాన వేసుకునిపో, ఆ వాసనకు తింటయ్," అన్నదామె. "ఎవరన్నా నవ్వితే నవ్వనియ్యి."

ఆయన అట్లాగే పోయాడు. మైమూనా గోడ పట్టుకుని కూర్చునేదాకా నవ్వింది. మేకలు మేత తిన్నాయి.