తినడానికేమీ లేని చేను

మొగులమ్మ నడుస్తూ ఉంది, ముందు ఆమె అత్త తుల్జమ్మ నడుస్తూ ఉంది, ఎప్పుడో చనిపోయిన మనిషి ఇంత చురుగ్గా ఎలా నడుస్తుందన్న అనుమానమే మొగులమ్మకు రాదు, అత్త కొంగు కనుమరుగు కాకుండా చూసుకోవడమే పనిగా వెంటపడుతూ ఉంటుంది. ఇరువైపులా పత్తి. ఎంత నడిచినా గట్టు రాదు. వచ్చినట్టే వచ్చి అదీ ఒక పత్తి సాలుగా మారిపోతుంది.

"ఏమన్న తెంపియ్యే మొగులీ, ఆకలైతుంది," అంటుంది తుల్జమ్మ, వెనక్కి తిరగకుండానే.

బతికున్నప్పుడు ఆమె చేనికి సద్ది తీసుకుపోయేది కాదు. కలుపు తీస్తూనే జొన్న సాళ్ల మధ్య పెసరకాయ ఒలుచుకుని, పచ్చి కందికాయ నమిలి, తీగ మీది దోసపండు కొరికి, పొద్దుగూకేదాకా పని చేసేది. అది తలపుకొచ్చి మొగులమ్మ కంగారుగా వంగి ఆకుల కింద వెతుకుతుంది, ఈ చెట్టు కాదని ఆ చెట్టు, ఈ సాలు కాదని అవతలి సాలు, చేతికి తగిలేవన్నీ పత్తికాయలే.

"పెసర లేదా?"

"లేదత్తా. మొత్తం పత్తే ఏసినం. ఏటేటా గదే."

"మన్నేంది, ఇట్ల బండ లెక్కయింది?"

"కంది ఉన్నప్పుడు ఆకు రాలి ఎరువయ్యేది. ఇప్పుడు రాలేటిదేమున్నది? వాన గట్టిగ కొడితే పైమన్నంత వాగులకే." మొగులమ్మకు తన గొంతు ఎక్కడి నుంచో వినిపిస్తుంది. "పురుగొస్తే చేనంత దానిదే. మందు కొట్టినం. పురుగు మల్ల వచ్చింది, తేనెటీగలే రాలే."

తుల్జమ్మ ఆగి చుట్టూ చూస్తుంది.

"ఇది నా చేను కాదు. నన్ను యాడికో తోల్కొచ్చినవ్," అంటుంది, కోపంగా కాదు, దారి తప్పిన మనిషిలా.

మనదే అత్తా అని చెప్పబోతే మొగులమ్మ నోరంతా దూది నిండి మాట పెగలదు. అత్త మళ్ళీ నడక మొదలుపెడుతుంది, ఒక్కో చెట్టు దగ్గరా వంగి వెతుకుతూ, పోనుపోను చిన్నదైపోతూ.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. మొగులమ్మ దవడలు నొప్పి పెడుతున్నాయి. వాకిట్లో ఆమె భర్త విఠల్ పత్తి విత్తనాల సంచులు బండికెత్తుతున్నాడు.

"కింది చెలకల పత్తి పెట్టొద్దు," అంది గడపలో నిలబడి.

"మరేం పెడ్తవ్?"

"జొన్న, కంది, పెసర. కలిపి పెడ్త."

"ఒక్క కారు పంటకే మన్ను మారుతదా?"

"మారకపోనీ. చేన్లకు పోతే తినేటిదన్న ఉంటది."

విఠల్ బండి మీది సంచుల్లో ఒకటి దించి అరుగు మీద పెట్టాడు. దాని మూతి వదులై నాలుగు గింజలు రాలాయి, మందు పట్టించినవి, గులాబీ రంగువి. ఎక్కడి నుంచో కోడి పరుగున వచ్చి ముక్కుతో ఒకదాన్ని కదిపి చూసి, తినకుండా వెళ్లిపోయింది.