కొంచెం ఓర్చుకోండమ్మా

ముక్కుపుడక తీయించుకోవడానికి బౌబజార్ నగల వీధికి బయలుదేరిన రోజు ఉదయం హైమ ఇల్లంతా సర్దింది. అవసరం లేనివి కూడా సర్దింది. ఫ్రిజ్‌లో కూర గిన్నెలకి మూతలు పెట్టింది. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో భర్తకి మళ్ళీ చెప్పింది. రఘురాం పేపరు దించి ఆమెను చూశాడు.

"ఏటి, కాశీకి గాని ఎళ్తన్నావా? పూట పని."

"ఊరికే చెప్తన్నాను. మీకేదీ దొరకదు కదా."

"సరే గాని, పుడక ఇచ్చేసి ముక్కు మాత్రం తెచ్చుకో. కంగారులో రెండూ ఇచ్చేసీగలవు."

ఆమె నవ్వింది. నవ్వుతున్నప్పుడు కూడా చూపుడువేలు ముక్కు మీదే ఉంది.

నెల కిందట చిన్మయి తల్లిదండ్రులు కరీంనగర్ నుంచి పెళ్ళి మాటలకని హైమ వాళ్ళ సాల్ట్ లేక్ ఫ్లాటుకి వచ్చారు. పిల్ల హైమ కొడుకు ప్రణవ్ ఆఫీసులోనే పనిచేస్తుంది. ఇద్దరూ ముందే ఇష్టపడ్డారు కాబట్టి పెద్దవాళ్ళు మాట్లాడుకోవడానికి పెద్దగా మిగల్లేదు. కాఫీలయ్యాక పిల్ల తల్లి, "మా ఇంట్ల పాత వస్తువనేది ఒక్కటి లేదు వదినా, అన్నీ షాపులవే," అంది, ఏదో లోటు ఒప్పుకుంటున్నట్టు. ఆ ముఖం చూడలేక హైమ నోరు జారింది. తన ముక్కు మీదున్న ఒంటిరవ్వ అమ్మమ్మదనీ, అమ్మమ్మకి వాళ్ళత్తగారిదనీ, ఆ రాయి తీయించి నిశ్చితార్థానికి పిల్లకి ఉంగరం చేయిద్దామనీ చెప్పేసింది. గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ప్రణవ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ క్షణం చాలా వెచ్చగా ఉండింది. ఆ వెచ్చదనం తగ్గాకే తను ఏమన్నదీ తనకి వినబడింది.

అప్పటి నుంచి భయం. దానికి పేరు పెడదామని ఎన్నోసార్లు ప్రయత్నించింది. రాయి పోతుందన్న బాధ కాదు. నొప్పి సంగతి అసలు కాదు. పిత్తాశయంలో రాళ్ళు తీసినప్పుడు ఆపరేషన్ గదిలోకి కబుర్లు చెబుతూ వెళ్ళిన మనిషి ఆమె. అప్పుడు నర్సు పుడక తీయమంది. మర బిగుసుకుపోయి రాకపోతే పైన ప్లాస్టర్ అంటించి లోపలికి తీసుకెళ్ళారు. తనని వెనక్కి తెచ్చింది డాక్టరు కాదనీ, ఆ ప్లాస్టరు కింద ఉన్నదేననీ హైమ ఆ తరవాత లోలోపల నమ్ముతూ వచ్చింది. నమ్ముతున్నానని తనకి కూడా చెప్పుకోలేదు.

తొమ్మిదేళ్ళప్పుడు ఆమె ఒకటి చూసింది. బొబ్బిలిలో అమ్మమ్మ పోయింది. బంగారం ఒంటి మీద ఉంచి పంపకూడదని గురువులు అనే కంసాలిని పిలిపించారు. గాజులు వచ్చాయి, దుద్దులు వచ్చాయి, ముక్కుపుడక రాలేదు. గురువులు చాప మీద మోకాళ్ళేసి, అమ్మమ్మ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరి ముక్కులూ కుట్టిన చెయ్యి అది. పట్టకారు పెట్టే ముందు, అలవాటు కొద్దీ, మెత్తగా, "కొంచెం ఓర్చుకోండమ్మా," అన్నాడు.

చచ్చిపోయిన మనిషితో అన్నాడు. పెద్దవాళ్ళెవరికీ అది వింతగా తోచలేదు. అమ్మమ్మ ఓర్చుకుంది. పుడక ఊడి వచ్చినప్పుడు ఆ ముక్కులోంచి చిన్న చప్పుడు, గాలి బయటికి పోయినట్టు. అది హైమ ఒక్కతే విన్నది. నెల తిరక్కుండా అదే గురువులు, అదే పుడక ఆమె ముక్కుకి బిగించాడు. ఇది ఎప్పుడు ఊడుతుందో ఆమెకి ఆ రోజే తెలిసిపోయింది. ఊడదీసేటప్పుడు ఏం మాట అంటారో కూడా తెలుసు.

క్యాబ్‌లో చిన్మయి ఆమె పక్కన కూర్చుంది. సెలవు పెట్టి మరీ వచ్చింది. కాసేపు ఫోన్ చూసి, పక్కన పెట్టి, ఆమె చేతులు పట్టుకుని, "అత్తమ్మా, మీ చేతులు చల్లగున్నయ్," అంది.

"ఏసీ కదే."

"భయమైతుందా? అట్లయితే వద్దు. నాకు ఉంగరం ఏదైనా ఒకటే."

"నాకేటి భయం? మాటిచ్చాను."

ఈ పిల్ల వద్దనడం నిజమేమో. ఇప్పుడే సరేనంటే కారు తిరిగి ఇంటికి పోతుంది. కానీ సరేనంటే, ఎందుకని అడుగుతుంది. ముక్కుపుడక తీస్తే చచ్చిపోతాననుకుంటున్నాను అని ఏ నోటితో చెప్పడం? ఎమ్మే సైకాలజీ చదివిన తను, ఎందరో పిల్లల భయాలు విని ఓదార్చి స్కూల్ కౌన్సెలర్‌గా రిటైరైన తను? భయం ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే పోతుందని ఆ పిల్లలకి చెప్పేది. తన భయం ఎక్కడ పుట్టిందో ఆమెకి ఇల్లు, చాప, గడ్డం పట్టుకున్న వేళ్ళతో సహా తెలుసు. అది మాత్రం పోలేదు.

కంసాలి నిమాయ్ దుకాణం మేడ మెట్ల కింద ఇరుకు గది. గోడకి బల్బు, కింద పీట, పీట ముందు బల్ల, బల్ల మీద మసిబారిన చిన్న దీపం. అతనికి యాభై ఉంటాయి. నోట్లో పాన్.

"రండి మాషిమా, కూర్చోండి. ఇదేనా రాయి?" కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి ఆమె ముక్కు దగ్గరికి వంగాడు. "బాప్ రే. ఇది బిగించినవాడు మళ్ళీ తీసే ఉద్దేశంతో బిగించలేదు."

హిందీ, బెంగాలీ కలిపి అన్నాడు; మాషిమా అంటే పిన్నిగారని. చిన్మయి నవ్వింది. హైమకి ఒళ్ళు చల్లబడింది.

సబ్బునీళ్ళు అయ్యాయి, కొబ్బరినూనె అయింది. మర కదల్లేదు. లోపలి శీల కత్తిరించాలి, రాయికేమీ కాదు అన్నాడు నిమాయ్. ఆమెను బల్బు కింద చిన్న స్టూలు మీద కూర్చోబెట్టాడు. తల వెనక గోడకి ఆనింది. అతను గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పాడు.

అవే వేళ్ళు. అదే తిప్పడం. హైమకి పైకప్పు కనిపిస్తోంది, దాని మూల బూజు కనిపిస్తోంది. చాప మీద పడుకున్నవాళ్ళకి కూడా పైకప్పే కనిపిస్తుంది. అమ్మమ్మకి కనిపించిందా? ఆ రోజు కళ్ళు పూర్తిగా మూసి లేవు.

"ఊపిరి బిగబట్టండి, మాషిమా. ముక్కు కదలకూడదు."

బిగబట్టింది. ఇనుము ముక్కులోకి వచ్చింది, చల్లగా. అతను పట్టు సవరించుకుంటూ, తనలో తను అనుకున్నంత మెల్లగా అన్నాడు.

"ఎక్టు షొజ్ఝొ కొరున్, మా."

కొంచెం ఓర్చుకోండమ్మా.

భాష వేరు. మాట అదే. లేచి పరిగెత్తాలని కాళ్ళకి చెప్పింది. కాళ్ళు వినలేదు. కాళ్ళు లేవు. ముఖం ఒక్కటే ఉంది, ఆ ముఖం అతని చేతిలో ఉంది. చిటుక్కుమంది. ఏదో జారింది. నిమాయ్ అరచెయ్యి తెరిచి చిన్మయికి చూపిస్తున్నాడు. చిన్మయి వంగి చూస్తోంది. ఇద్దరూ ఆ రాయినే చూస్తున్నారు. ఆ రోజు కూడా పుడక వచ్చాక అందరూ పుడకనే చూశారు.

ఊపిరి ఇంకా ఆమె లోపలే ఉంది. వదలాలి. వదిలితే ఆ చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు తరవాత అమ్మమ్మ దగ్గర ఇంకేమీ రాలేదు. వదలకుండా ఉంటే ఇంకా కాలేదన్నమాట. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బల్బు చుట్టూ నల్లటి అంచు కమ్ముకొస్తోంది.

"అత్తమ్మా?" చిన్మయి చూసింది. స్టూలు ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. "అత్తమ్మా, ఏమైంది? ఊపిరి తీయండి. నన్ను చూడండి. వదలండి."

హైమ తల అడ్డంగా ఊపింది.

"వదలండి అత్తమ్మా, నేనున్న."

ఆపలేకపోయింది. గాలి ముక్కులోంచి, కొత్తగా తెరుచుకున్న బెజ్జంలోంచి కూడా, సన్నగా శబ్దం చేస్తూ పోయింది. అదే చప్పుడు. తొమ్మిదేళ్ళప్పుడు బయటి నుంచి విన్నది ఇప్పుడు లోపలి నుంచి విన్నది. కళ్ళు గట్టిగా మూసుకుంది.

తరవాతి ఊపిరి వచ్చింది. దానంతట అదే వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

నిమాయ్ కంగారుగా గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. బెజ్జం పూడిపోకుండా వేపపుల్ల ముక్క పెట్టనా అని అడిగాడు. "వద్దు," అంది హైమ. "పూడిపోనీ."

అతను పుడక వెనక కప్పు విప్పితే లోపలంతా నల్లటి మట్టు. ముగ్గురాడవాళ్ళ చెమట, నూనె, పసుపు. చిన్న గిన్నెలో నీళ్ళు మరిగించి రాయిని అందులో వేశాడు. నీళ్ళు మసకబారాయి. బయటికి తీసి గుడ్డతో తుడిస్తే అందరూ అనుకున్నదానికన్నా చిన్నది, కాని నీళ్ళ బొట్టంత తేట. నిమాయ్ కిటికీ తెరిచి మసకనీళ్ళు పారబోస్తుంటే హైమ తల తిప్పుకుంది.

తరవాత కొలత. నిమాయ్ ఇత్తడి ఉంగరాల గుత్తి తీసి చిన్మయి వేలికి ఒక్కొక్కటీ ఎక్కించాడు. నాలుగోది చక్కగా కూర్చుంది.

"ఇదే," అంది చిన్మయి.

"తియ్యి," అంది హైమ.

చిన్మయి లాగింది. కణుపు దగ్గర పట్టింది, కాస్త తిప్పితే గాని రాలేదు.

"ఇది కాదు. ఇంకా పెద్దది ఇమ్మను."

"జారిపోతది అత్తమ్మా."

"జారితే జారనీ. ఊడి రావాల."

నిమాయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. భాష తెలియకపోయినా ఆ గొంతు అర్థమైనట్టుంది, పెద్దది ఎక్కించాడు. చిన్మయి ముఖం చిన్నబోయింది. క్యాబ్ సియాల్దా స్టేషను దాటాక, కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"అత్తమ్మా, నేను ఆ ఉంగరం తీసేసే రోజు వస్తదని అనుకుంటున్నరా? మీకు నేను నచ్చలేదా?"

హైమకి అప్పుడు గాని తెలియలేదు, తను అన్నది అవతల ఎలా వినబడిందో. చెప్పాలని నోరు తెరిచింది. చాప, గురువులు, సగం తెరిచిన కళ్ళు, అన్నీ నాలుక మీదకి వచ్చాయి. ఈ పిల్ల తొమ్మిదేళ్ళది కాదు. అయినా చెబితే, వేలి మీద ఆ రాయి ఉన్నన్నాళ్ళూ ఆ చప్పుడు వింటుంది. మళ్ళీ ఒకర్తికి బిగించినట్టే.

"రావాల," అంది చివరికి. "రోజూ రావాల. అంట్లు తోమేటప్పుడు తియ్యి. పడుకునేటప్పుడు తియ్యి. వాడితో దెబ్బలాడినప్పుడు తీసి బల్ల మీద పడేయి. మళ్ళీ నీకు బుద్ధి పుడితే పెట్టుకో. నీ చేత్తో నువ్వే తీసుకోవాల, ఇంకెవరూ తియ్యకూడదు. అంతే నాక్కావలసింది."

చిన్మయికి సగమే అర్థమైనట్టుంది. అయినా ఆమె చెయ్యి అందుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకా చల్లగనే ఉంది," అంది.

"ఏసీ," అంది హైమ.

రెండో చెయ్యి అలవాటు కొద్దీ ముక్కు మీదకి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. వేలి కింద గాలి సన్నగా వస్తోంది, ఆగుతోంది. ఆగిన ప్రతిసారీ, గాలి మళ్ళీ వచ్చేదాకా ఆమె వేలు తియ్యకుండా కాచుకుంది. ఇంటిదాకా అలాగే వెళ్ళింది.