మూడో భాగం చూసినవాడు

ఐస్ హాకీ ఆట మూడు భాగాలు. ఆటగాళ్ళని చూసి ఎంచే మా స్కౌట్లకు మాత్రం రెండే. రెండో విరామం రాగానే మేమంతా కోట్లు తగిలించుకుని కార్ల దగ్గరికి పరుగెడతాం. సస్కాచెవాన్ రాష్ట్రంలో ఊరికీ ఊరికీ మధ్య మంచు తప్ప ఇంకేమీ ఉండదు, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఇంకో ఆట ఉంటుంది. రెండు భాగాల్లో తేలనిది మూడో దాంట్లో ఏం తేలుతుందిలే అని మాకు మేమే సర్దిచెప్పుకుంటాం. కుర్రాళ్ళ బతుకుల మీద తీర్పులు చెప్పేవాళ్ళం, ఆమాత్రం ధీమా లేకపోతే ఆ ఉద్యోగం చెయ్యలేం.

అప్పట్లో నేను ఒక పెద్ద క్లబ్బుకి స్కౌట్‌ని. క్లబ్బు ముందే ఎంచి పెట్టుకున్న కుర్రాళ్ళు ఇక్కడి చిన్న ఊళ్ళ జట్లలో ఆడుతూ ఎదుగుతారు. వాళ్ళలో ఎవరు అక్కరకొస్తారో, ఎవరు రారో చూసి చెప్పడం మా పని. ఏటా శీతాకాలం చివర్లో మా పెద్దాయన లార్న్ అందరి అభిప్రాయాలూ ఫోన్లో విని ఎవరి స్థానం ఏమిటో తేలుస్తాడు. ఆ ఏడాది పైవరస కుర్రాళ్ళ సంగతి ఇట్టే తెమిలిపోయింది. ఒక్క కాంట్రాక్టు మిగిలింది, దానికి ఇద్దరు మిగిలారు. ఒకడు డ్వేన్, గోల్స్ కొడతాడు, కొట్టాక చేతులెత్తి ఊరంతా చూసేలా తిరుగుతాడు. రెండోవాడు ఓరెస్ట్ హ్నాతుక్, డిఫెండర్. ఓరెస్ట్‌కి ఇరవై నిండాయి, ఆ సీజను దాటితే కుర్రాళ్ళ జట్లలో ఇక ఆడనివ్వరు. కాంట్రాక్టు రాకపోతే వాడి హాకీ అయిపోయినట్టే. పొటాష్ గనిలో తండ్రి పనిచేసే చోటే వాడికీ ఉద్యోగం మాట్లాడి పెట్టారు.

వాడి గురించి మేం తలా ఒకటి చెప్పినా అన్నీ ఒకేలా ఉన్నాయి. వంక పెట్టడానికీ లేదు, మెచ్చుకోవడానికీ లేదు. వాడి కోచ్ మాత్రం లార్న్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. మూడో భాగానికి ముందంజలో ఉంటే తన జట్టు ఓడడం లేదట, అదంతా హ్నాతుక్ చలవేనట. అయితే వాణ్ణి మూడో భాగంలో చూసినవాళ్ళెవరని లార్న్ అడిగాడు. మాలో ఒక్కరూ చూడలేదు.

"ఒరే వెర్న్, ఆదివారం నువ్వెళ్ళు" అన్నాడు నాతో. "ఆఖరిదాకా కూచో. రోడ్డు మూసేస్తే అక్కడే పడుకో."

ఆదివారం మధ్యాహ్నం ఆట. పై వరసలో, మూల, హీటరు కింద ఉండే బెంచీ స్కౌట్లది. చిన్నప్పటి నుంచీ అక్కడ ఆడుతున్న కుర్రాళ్ళకి ఆ సంగతి తెలుసు, వాళ్ళ తల్లిదండ్రులకి ఇంకా బాగా తెలుసు. మొదటి రెండు భాగాలూ ఓరెస్ట్ ఎప్పటిలాగే ఆడాడు. ఉన్నాడంటే ఉన్నాడు, అంతే. వాళ్ళ జట్టు ఒక గోల్ ముందుంది.

విరామం రాగానే బెంచీ ఖాళీ అయింది. వేరే క్లబ్బు స్కౌట్ యూజీన్, నాకు పాత స్నేహితుడే, టోపీ సర్దుకుంటూ ఆగాడు.

"ఏరా, లేవవేం? హాట్‌డాగులు ఎక్కువైపోయాయా?"

"మోకాలు పట్టేసింది. నువ్వు పద" అన్నాను. ఎవరి కోసం కూచున్నామో పక్క క్లబ్బువాడికి చెప్పుకుంటామా. నా మోకాలి సంగతి తనకి తెలియదనుకోవద్దని నవ్వి వెళ్ళిపోయాడు.

మూడో భాగం మొదలైంది. కాసేపటికే నేను ముందుకు వంగి కూచున్నాను. ఓరెస్ట్ పక్ వెంట, అంటే ఆటాడే ఆ రబ్బరు బిళ్ళ వెంట, పరుగెత్తడం లేదు. అది రాబోయే చోటికి ముందే వెళ్ళి నింపాదిగా నిలబడుతున్నాడు. అవతలివాళ్ళు దూసుకొస్తారు, ఎదురుగా వాడుంటాడు, దారి దొరక్క పక్‌ని గోడవారకి తోసేస్తారు. పక్ తన దగ్గరికొస్తే వెంటనే పక్కవాడికి అందించేస్తాడు. ఓరెస్ట్ వాళ్ళ గోల్‌కీపర్‌కి పని లేకుండా పోయింది. జనం పాప్‌కార్న్ తింటూ కబుర్లలో పడ్డారు, ఆటలో ఏమీ జరగడం లేదని వాళ్ళ ఉద్దేశం. ఇన్నేళ్ళలో అంత చక్కటి డిఫెండర్ని ఆ ఊళ్ళలో నేను చూడలేదు. ఇలాంటివాళ్ళు ఇంకెందరిని వదిలేసి కారెక్కానో అని సిగ్గేసింది కూడా.

ఒకసారి ఆట ఆగింది. వాడు నీళ్ళు తాగుతూ అలవాటుగా మా మూలకి తలెత్తాడు. ఖాళీగా ఉండాల్సిన బెంచీ మీద నేనున్నాను. చూపు నా మీద నిలిచిపోయింది. తర్వాత పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి ఏదో చెప్పాడు.

అక్కణ్ణించి ఆట మారిపోయింది. పక్ దొరికితే ఎవరికీ ఇవ్వడు, తనే తీసుకుని ముందుకి పోతున్నాడు. ఇద్దరిని దాటేసరికి జనం లేచి చప్పట్లు కొట్టారు. ఇదంతా నా కోసమేనని నాకు అర్థమైంది. వెళ్ళి మెట్ల చాటున నిలబడితే మళ్ళీ తన ఆట తను ఆడతాడేమో అనుకుని లేచాను. లార్న్ మాట గుర్తొచ్చింది, మళ్ళీ కూలబడ్డాను.

ఆట ముగుస్తుందనగా మూడోవాణ్ణి కూడా దాటబోయి పక్ పోగొట్టుకున్నాడు. వాడు కాపలా ఉండాల్సిన చోట ఎవరూ లేరు. అవతలివాడు తాపీగా వెళ్ళి గోల్ కొట్టాడు. అదనపు సమయంలో ఆట కూడా పోయింది.

వసారాలో సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని వాడు నా కోసం నిలబడి ఉన్నాడు.

"మీరెప్పుడూ వెళ్ళిపోతారు కదా సార్. ఇవాళ ఎవరి కోసం ఉన్నారు?"

"నీ కోసమే."

"మూడో భాగం మొదటి నుంచీ చూశారా?"

చూశానన్నాను. మొదట్లో ఎలా ఆడానని అడిగాడు. బ్రహ్మాండంగా ఆడావని ఉన్నమాటే చెప్పాను. వాడు నేల చూపులు చూశాడు.

"అందులో మీరు చూడ్డానికేముందిలే అనుకున్నాను సార్."

మర్నాడు పొద్దున్నే లార్న్‌కి ఫోన్ చేసి ఏదీ దాచకుండా చెప్పాను. నేను కనబడకపోతే వాడు అలా ఆడేవాడు కాదన్నాను. మెరిసినవాణ్ణే మెచ్చుకుంటామని వాళ్ళకి నేర్పింది మనమే కదా అని కూడా అన్నాను. లార్న్ అంతా విన్నాడు.

"నిజమే కావచ్చురా. కానీ నువ్వొక్కడివి చూస్తేనే వాడి ఆట చెడిపోయింది. మన దగ్గర హాలు నిండా జనం ఉంటారు. నా కుర్చీలో నువ్వుంటే ఎవరికిస్తావ్?"

డ్వేన్‌కే అన్నాను.

ఆ సంగతి ఓరెస్ట్‌కి చెప్పే పని కూడా నా నెత్తినే పడింది. ఫోన్లో వాడు వాదించలేదు, ఏడవలేదు. గనిలో సోమవారం నుంచి రమ్మన్నారని చెప్పాడు. నేను పెట్టెయ్యబోతుంటే ఒక్క నిమిషం ఉండమన్నాడు.

"ఇన్నాళ్ళలో ఆఖరిదాకా కూచున్నది మీరొక్కరే. థాంక్స్ సార్."

ఎత్తిపొడుపైతే బాగుండేది. వాడు మనసారా అన్నాడు.