ఈ మధ్యే వచ్చిన వెంట్రుకలు

కళ్లజోళ్ల షాపులో ఆమె ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, చెవి వెనక కాడ సరిచేసి, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడగాలి. కొత్త అద్దాల్లోంచి లోకం తేటగా కనబడగానే వాళ్లు మొట్టమొదట చూసేది జానెడు దూరంలో ఉన్న ఆమె చుబుకాన్నే. ఊళ్లోవాళ్ల చూపు బాగుచేసి మరీ తన పరువు తీయించుకునే ఉద్యోగం తనకే దొరికిందని నవ్వుకునేది.

అందుకే రోజూ తెల్లారకముందే స్నానాలగదిలో దూరి, చుబుకం మీదా పెదవి పైనా మొలిచినవన్నీ పీకేసుకునేది. పెళ్లయి పదకొండేళ్లయినా ఆ సంగతి మొగుడికి తెలియనివ్వలేదు. చివరికి నెలసరి కూడా అదుపు తప్పడంతో, డాక్టరమ్మకి చూపించుకోక తప్పలేదు. మొగుడు తోడొస్తానన్నాడు. వద్దనడానికి కారణం దొరకలేదు.

ముందురోజు సాయంత్రం మన మహాతల్లి చేసిన ఘనకార్యం ఏమిటంటే, పార్లరుకెళ్లి ముఖం, చేతులు, కాళ్లు అన్నీ నున్నగా చేయించుకుంది. పెళ్లినాడు కూడా అంత ముస్తాబు కాలేదు.

డాక్టరమ్మ ఆమె చుబుకం పట్టుకుని దీపం కిందికి తిప్పింది.

"బయట నర్సు దగ్గర చీటీలో వెంట్రుకలని రాయించావు, ఒక్కటీ లేదేమమ్మా?"

"నిన్ననే తీయించేశానండీ."

"బాగుంది. పంటినొప్పికి వచ్చి పళ్లు ఇంట్లో పెట్టొచ్చినట్టుంది. సరే, ఎప్పట్నుంచి వస్తున్నాయి?"

పక్క కుర్చీలో మొగుడున్నాడు. "ఈ మధ్యేనండీ, ఓ రెండు నెలలు" అనేసింది. ఎంత చక్కగా తప్పించుకున్నానో అని లోలోపల మురిసిపోయింది కూడా.

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. "రెండు నెలల్లోనా? ఇలా ఉన్నట్టుండి వస్తే లోపల ఎక్కడైనా గడ్డ ఉందేమో చూడాలి. ఇవాళే స్కాన్ తీయిద్దాం."

తీస్తే తీయనీ, ఏమీ లేదని తేలుతుంది, గుట్టూ నిలబడుతుంది అనుకుంది ఆమె. అంతలో మొగుడి గొంతు వినబడింది.

"గడ్డంటే... క్యాన్సరా డాక్టరుగారూ?"

ఆ గొంతు ఆమె ఎప్పుడూ విన్నది కాదు. ఆయన పెదవులు తడారిపోయి ఉన్నాయి, ఒళ్లో పెట్టుకున్న ఆమె సంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. చూసేసరికి ఆమె గుండె తరుక్కుపోయింది.

"అబద్ధం చెప్పానండీ" అంది తల వంచుకుని. "పదో తరగతి నుంచీ ఉన్నాయి. రోజూ పీక్కుంటున్నాను. ఈయనకి తెలిస్తే సిగ్గని..."

డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. "ఆ మాట ముందే చెప్పొద్దూ! ఏళ్ల తరబడి మెల్లగా వచ్చినవైతే అంత భయం అక్కర్లేదు. రక్తపరీక్షలు చేయిద్దాం, మందులున్నాయి. నెల రోజులు మాత్రం వాటిని ముట్టుకోకుండా రా. ఎక్కడెక్కడ, ఎంతెంత ఉన్నాయో చూడాలి."

"నెలరోజులా! షాపుకొచ్చినవాళ్లు నన్ను బాబాయ్ అని పిలుస్తారండీ" అంది ఆమె.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. మొగుడు నవ్వలేదు. అరచేత్తో కళ్లు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"పదకొండేళ్లుగా పక్కనే ఉన్నాను కదే. రోజూ ఒక్కదానివే పడ్డావా?"

ఇంకో వేళాకోళం నాలుక చివరిదాకా వచ్చింది గానీ, నోరు తెరిస్తే ఏడుపొచ్చింది.